ఆగ్నెస్ ఊపిరి

వెర్లిన్ హాగెన్ ఇంటి నేలమాళిగలో నలభై మూడు పాత వాక్యూమ్ క్లీనర్లు ఉన్నాయి. అవన్నీ ఆడవాళ్ళే. కనీసం వెర్లిన్ లెక్కలో అంతే. ఏ యంత్రం ఏ ఇల్లాలి చేతి కింద పనిచేసిందో ఆ ఇల్లాలి పేరే దానికి పెట్టేవాడు. ఆకుపచ్చ ఇనుప పీపాలా ఉండేది లిలియన్. బంతిలా గుండ్రంగా ఉండి, తను వదిలిన గాలి మీద తనే తేలుతూ కుక్కపిల్లలా మనిషి వెంట జారుకుంటూ వచ్చేది బెర్నీస్. నిలువుగా, సన్నగా, గుడ్డసంచీ వీపున వేలాడేసుకుని ఉండేది ఓల్గా. అసలు ఓల్గా కూడా అలాగే ఉండేదట.

"మా ఆయన భోజనం కాగానే కిందకి దిగుతాడు," అనేది ఆయన భార్య ఆర్డిస్, చర్చి వంటగదిలో కప్పులు తుడుస్తూ. "అక్కడ నలభై ముగ్గురున్నారు. మీట నొక్కితే గాని ఒక్కతీ నోరు మెదపదు. ఇంకా పైకెందుకొస్తాడు?"

వెర్లిన్ ముప్ఫై నాలుగేళ్ళు మిన్నెసోటాలోని ఆ చిన్న ఊరి బడిని ఊడ్చి, తుడిచి, రిటైరయ్యాడు. చేసినన్నాళ్ళు ఊడ్చినవాడు రిటైరయ్యాకైనా చీపురు మొహం చూడకుండా ఉండాలి కదా. ఈయన దారి వేరు. ఒక చలికాలం ఎదురింటి ఆగ్నెస్ లుండ్ కన్ను మూసింది. పిల్లలు వచ్చి ఇల్లు ఖాళీ చేసి, పనికిరానివన్నీ రోడ్డు పక్కన పెట్టి వెళ్ళారు. వాటి మధ్య ఆవిడ వాక్యూమ్ క్లీనర్, మంచులో గొట్టం చాపుకుని, చలికి చచ్చిన పాములా పడి ఉంది. వెర్లిన్ రెండుసార్లు దాన్ని దాటుకుపోయాడు. మూడోసారి చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. నలభై మూడులో మొదటిది అదే.

నిజం చెప్పాలంటే ఆగ్నెస్‌కి బొత్తిగా బలం లేదు. దాన్ని తివాచీ మీద నడిపిస్తే, నిద్రపోతున్న చీమ లేచి అటు తిరిగి పడుకునేది.

యంత్రాలు ఒక ఎత్తు, వాటి మూతులు ఒక ఎత్తు. అటాచ్‌మెంట్లని అందరూ అనే వాటిని వెర్లిన్ మూతులనేవాడు. గోడ పొడుగునా మేకులు కొట్టి రెండు వందల పన్నెండు మూతులు వేలాడదీశాడు. మూలల్లోకి దూరే కొంగముక్కు మూతి, సోఫా మూతి, మెట్ల మూతి, కిటికీ పలకల మధ్య దూరడానికి ఏడు వేళ్ళున్న మూతి. రంగు చల్లడానికి గాజు సీసా ఒకటి, ఉన్నిబట్టల బీరువాలోకి కలరా ఉండల వాసన ఊదడానికి డబ్బా ఒకటి, కుక్కకి దువ్వెన ఒకటి. ఆ రోజుల్లో చేసినవాళ్ళకి దుమ్ము మాత్రం పీల్చి ఊరుకోవడం నామోషీగా ఉండేదేమో. తల ఆరబెట్టుకునే టోపీ కూడా ఉంది. కొత్తలో ఒకసారి ఆర్డిస్ భర్తని నమ్మి అందులో తల పెట్టింది. ఆయన గొట్టాన్ని ఊదే వైపు కాకుండా పీల్చే వైపు తగిలించాడు. ఆ తర్వాత ఆవిడ వేరే విషయాల్లో కూడా ఆయన్ని కొంచెం ఆలోచించి నమ్మేది.

కొత్త యంత్రం ఇంటికి రాగానే వెర్లిన్ ముందు దాని సంచి విప్పి, పాత పేపరు మీద దులిపి, దుమ్మంతా వేళ్ళతో వెతికేవాడు. గుండీలు, జడపిన్నులు, ఒకసారి పాలపన్ను, ఒకసారి పెళ్ళి ఉంగరం. వాటిని కడిగి, కవర్లో పెట్టి, ఆ కుటుంబంలో ఎవరు మిగిలి ఉంటే వాళ్ళకి పంపేవాడు. కవరు మీద తన పేరు రాసేవాడు కాదు. ఊళ్ళో అందరికీ ఎవరు పంపారో తెలుసు, తెలిసినట్టు ఎవరూ పైకి అనేవారు కాదు. డ్వేన్ బ్రెకె తప్ప.

"ఏమోయ్ వెర్లిన్, మా అమ్మ మిషను నీ దగ్గరే ఉందిగా," అనేవాడు డ్వేన్ బట్టతల నిమురుకుంటూ. "సంచీలో నా జుట్టేమైనా దొరికితే పంపించు. ఎంతున్నా ఫరవాలేదు."

డ్వేన్ అరవై ఆవుల పాడి ఉన్న రైతు, చర్చి కమిటీకి పెద్ద. నోరు దురుసు గాని, ఎవరి కారు మంచులో కూరుకుపోయినా ట్రాక్టరుతో ముందు వచ్చేది ఆయనే.

ఆ ఏడు సెప్టెంబరులో ఎల్వీరా నెస్ మోకాళ్ళు మొరాయించాయి. ఓక్ రిడ్జ్ లూథరన్ చర్చిలో ఆర్గన్ వాయించేది ఎల్వీరా. వయసు ఎనభై ఒకటి, వాయించడం మొదలుపెట్టి యాభై ఎనిమిదేళ్ళు. అది కాళ్ళతో రెండు పలకలు తొక్కుతుంటే, లోపలి తిత్తులు ఆడి పలికే పాతకాలపు ఆర్గన్. ఇక తొక్కడం కుదరదని డాక్టరు తేల్చి చెప్పాడు. చిన్నప్పుడు వెర్లిన్‌కి ఆదివారం బడిలో వాక్యాలు నేర్పింది ఆవిడే. అందుకని ఇప్పటికీ ఆవిడ ముందు నిలబడితే ఆయన చేతులు వాటంతటవే జేబుల్లోంచి బయటికొచ్చేవి.

కమిటీ కూర్చుంది. కరెంటుతో పలికే కీబోర్డు కొందామన్నాడు డ్వేన్. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఆవిడ మోకాళ్ళు చూడలేక.

"తొక్కే పని లేదు ఎల్వీరా గారూ. మీట నొక్కితే చాలు. డ్రమ్ములు కూడా అదే వాయిస్తుందట."

"అన్నీ అదే వాయిస్తే ఇక నేనెందుకు నాయనా? దాని మీద దుప్పటి కప్పి, ఆదివారం తీయండి," అంది ఎల్వీరా. మేనకోడలి ఇంట్లో అలాంటిది ఒకసారి ముట్టుకుని చూసిందట. "నేను ఊపిరి పీలిస్తే అది పీల్చదు. శవం పక్కన కూర్చుని పాడినట్టుంది."

అక్టోబరు చివరి ఆదివారం ఆవిడ ఆఖరిసారి వాయిస్తుందనీ, ఆ రోజు కేకు కోద్దామనీ నిర్ణయమైంది. ఆ ఆదివారానికి వారం ముందటి శనివారం మధ్యాహ్నం వెర్లిన్ ఎప్పటిలాగే చర్చి తివాచీ శుభ్రం చేస్తున్నాడు. ఆవిడ చేతికర్ర ఊతంగా వచ్చి, ఆర్గన్ బెంచీ కింద ఎన్నో ఏళ్ళుగా ఉంచుకున్న నల్లటి చదునుబూట్లు తీసి కాగితపు సంచీలో పెట్టుకుంది. ఈ బూట్లతో ఇంకెక్కడికీ వెళ్ళేది లేదు గనక ఇంతకాలం అవి అక్కడే ఉన్నాయి.

"చేతిలో పని కానియ్ వెర్లిన్, నా కోసం ఆపకు," అని మెల్లగా వెళ్ళిపోయింది.

వెర్లిన్ యంత్రం ఆపేసి ఆర్గన్ ముందు కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక, చేతులకి అలవాటైన పని చేశాడు. మరలు విప్పి వెనక చెక్క తీశాడు. లోపలికి తొంగి చూశాడు. కాలితో పలక నొక్కి, తిత్తి దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. మళ్ళీ నొక్కి చూశాడు. ఆ ఆర్గన్ గాలిని ఊదడం లేదు. పీలుస్తోంది. పీల్చిన గాలి రీడ్లనే సన్నటి ఇత్తడి రేకుల మీదుగా పోతుంటే అవి పలుకుతున్నాయి. ఏ పనికిమాలిన పనిని చూసి ఊరంతా తనని ఇన్నాళ్ళూ వెక్కిరించిందో, ఈ పెట్టె వందేళ్ళుగా దేవుడి ఎదుట కూర్చుని ఆ పనే చేస్తోంది.

"ప్రభువా," అన్నాడు వెర్లిన్ తల వంచి, "నీకు ఇంత హాస్యం ఉందని నేను అనుకోలేదు."

యంత్రాన్ని పైన పెడితే ఆ మోతకి పాట వినబడదు. కింద వంటగదిలో పెట్టి, నేలలోంచి గొట్టం పైకి తేవాలి. దానికి కమిటీ అనుమతి కావాలి. కమిటీ గంటన్నర చర్చించింది.

"వాక్యూమ్ క్లీనర్ కోసం చర్చి నేలకి కన్నమా?" అన్నాడు డ్వేన్. "రేపు మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి అడిగితే నేనేం చెప్పను?"

"ఆ కన్నం మీ నాన్న కొట్టిందే డ్వేన్," అంది పాస్టర్ మేరిట్. "పాత పొయ్యి గొట్టానిది. పైన చెక్కముక్క కప్పి ఉంది, అంతే."

డ్వేన్ బట్టతల నిమురుకున్నాడు. "అయితే సరే. మా నాన్న కన్నాలు మంచివే. కానీ కేకు మాత్రం నేను చెప్పేశాను, వెనక్కి తీసుకోను. ఇది పలుకుతుందని నాకు నమ్మకం లేదు."

అక్కడే వెర్లిన్ తప్పు చేశాడు. పాత యంత్రాలు కూడబెట్టేవాడు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు. దేవుడి పని కదా అని, తన దగ్గరున్న వాటిలో ఎక్కువ బలమున్న దాన్ని తీసుకెళ్ళాడు. లిలియన్ అంటే ఆయనకి గర్వం. ఒకసారి నేల మీదున్న ఇనుప మేకుల డబ్బా మొత్తం మింగేసింది. గొట్టం బిగించి, ఎల్వీరాని బెంచీ మీద కూర్చోబెట్టి, కిందకి దిగి మీట నొక్కాడు.

తిత్తులు దబ్బున మూసుకున్నాయి. చెక్కపెట్టె మూలిగింది. ఎవరూ నొక్కని ఆర్గన్ మీటల సందుల్లోంచి కూడా గాలి ఈడ్చుకుపోతుంటే రీడ్లన్నీ ఒక్కసారిగా కూతపెట్టాయి. పందుల లారీ లోయలో పడినట్టుంది ఆ మోత. వెర్లిన్ మీట ఆపి మెట్లెక్కి పరుగున వచ్చాడు. ఎల్వీరా రెండు చేతులూ గాల్లోకి ఎత్తి కూర్చుని ఉంది.

"వెర్లిన్, నేనింకా ఏదీ ముట్టుకోలేదు," అంది.

మర్నాడు బెర్నీస్‌ని తెచ్చాడు. ఆ మర్నాడు ఓల్గాని. పందులు కాస్త దూరంగా అరిచాయి, అంతే తేడా. గురువారానికి ఆయనకి అన్నం సయించడం మానేసింది. ఆర్డిస్ పళ్ళెంలో ఇంకో చెంచా బంగాళదుంపలు వేస్తూ అంది.

"ఎందుకలా మొహం వేలాడేస్తావు? పెట్టెకి కావలసింది బలమా?"

"కాదు. మెల్లగా, ఒకే తీరుగా పీల్చాలి. వీళ్ళకి మెల్లగా అంటే తెలీదు."

"మనింట్లో చేతకానిది ఒకతి ఉందిగా. దాన్ని తీసుకెళ్ళు."

వెర్లిన్ చెంచా కింద పెట్టాడు. ఇన్నేళ్ళుగా ఆగ్నెస్‌ని ఆయన తుడిచి పక్కన పెట్టాడే తప్ప పనికి పిలిచింది లేదు. తెల్లారేదాకా ఆగలేక అప్పుడే కిందకి దిగబోయాడు. ఆర్డిస్ చెయ్యి పట్టుకుని, పళ్ళెం ఖాళీ అయ్యాకనే వదిలింది.

శుక్రవారం పగలంతా గొట్టం కట్టడమే సరిపోయింది. వంటగది నుంచి ఆర్గన్ దాకా పదకొండు గొట్టాలు కావాల్సొచ్చాయి. ఒక యంత్రం గొట్టం ఇంకోదానికి పట్టదు. ఏది దేనిలో దూరుతుందో, ఏ రెండింటి మధ్య ఏ మూతి పెడితే కలుస్తాయో ఆ జిల్లాలో తెలిసిన మనిషి ఒక్కడే. మెట్ల మూతి ఒక వంపు దగ్గర పనికొచ్చింది, సోఫా మూతి తిత్తి నోటికి అతికినట్టు సరిపోయింది. అసలు మహిమ మాత్రం పరదాల మూతిది. దాని మెడ మీద చిన్న కిటికీ ఉంటుంది. దాన్ని జరిపితే బయటి గాలి కొంచెం లోపలికి పోయి, పరదా గొట్టంలోకి ఈడ్చుకుపోకుండా పట్టు సడలుతుంది. ఆ కిటికీని సగానికి తెరిచి పెట్టాడు. మీటకి పొడుగాటి తీగ కట్టి, ఎల్వీరా కాలి దగ్గర ఉంచాడు.

ఎల్వీరా కాలి బొటనవేలితో మీట నొక్కింది. కింద ఆగ్నెస్, మధ్యాహ్నం కునుకు తీసే పెద్దావిడ గురకలా సన్నగా మొదలైంది. ఎల్వీరా ఆర్గన్ మీట ఒకదాని మీద వేలు పెట్టింది. ఒక స్వరం వచ్చింది. రెండోది. తర్వాత పాట పూర్తిగా వాయించింది. వాయిస్తున్నంతసేపూ ఆవిడ పాదాలు నేల మీద ఖాళీగా తొక్కుతూనే ఉన్నాయి.

అయ్యాక అంది, "ఇది ఆగ్నెస్ లుండ్‌ది కదూ?"

"అవునండీ."

"ఆవిడ పాడితే మొదటి వరసకి కూడా వినబడేది కాదు. ఎన్నిసార్లు విసుక్కున్నానో." బెంచీ కిందకి ఒకసారి చూసి, మళ్ళీ అంది, "ఆదివారం వచ్చేటప్పుడు నా బూట్లు తెచ్చుకుంటాను."

ఆదివారం చర్చి నిండింది. మామూలుగా పాతిక మంది వచ్చే చోట అరవై మంది వచ్చారు. సగం మంది ఎల్వీరా కోసం, సగం మంది వాక్యూమ్ క్లీనర్ కోసం. కింద వంటగదిలో 'సెలవు, ఎల్వీరా' అని నీలం క్రీముతో రాసిన కేకు మూత కింద వేచి ఉంది. మొదటి పాట చక్కగా సాగింది. ఎల్వీరా మీటని, ట్రాక్టరు నడిపేవాడి ధీమాతో నొక్కింది, ఆపింది. రెండో పాట కూడా అయింది. డ్వేన్ వెనక్కి తిరిగి వెర్లిన్ వైపు చూసి, ఒక్కసారి తల ఆడించాడు. ఆయన దగ్గర అది చాలా పెద్ద మాట.

ప్రసంగం మొదలైంది. ఓక్ రిడ్జ్‌లో ప్రసంగం మొదలైందంటే కాఫీ పెట్టే వేళయిందని అర్థం. పాస్టరు 'ఆమెన్' అనేసరికి కాఫీ మరగాలి, ఆఖరి ఆశీర్వాదం అయ్యేసరికి కప్పుల్లో ఉండాలి. నూట పన్నెండేళ్ళలో ఆ చర్చి రెండుసార్లు గాలివానకి పైకప్పు ఎగిరిపోయి, ఒకసారి పాస్టరు పారిపోయి కూడా బతికింది గాని, కాఫీ ఆలస్యం కావడం మాత్రం ఎరగదు. ఆ నెల కాఫీ వంతు ఆర్డిస్‌ది. వెర్లిన్ ఆవిడకి మూడుసార్లు చెప్పాడు, ఆగ్నెస్ ప్లగ్గు పీకొద్దని. ఆవిడ మాట నిలబెట్టుకుంది. ఆగ్నెస్ ప్లగ్గు జోలికి పోలేదు. దాని పక్కన ఇంకో సాకెట్ ఖాళీగా ఉంది. వంద కప్పుల కాఫీ పాత్ర ప్లగ్గు అందులో పెట్టి, చేతులు తుడుచుకుని, చప్పుడు కాకుండా వచ్చి భర్త పక్కన కూర్చుంది.

ప్రసంగం అయింది. ఎల్వీరా మీట నొక్కింది. జనం లేచి నిలబడ్డారు. రెండు చరణాలు నిక్షేపంగా నడిచాయి. మూడో చరణం మధ్యలో, కింద ఎక్కడో టప్పుమంది. ఆర్గన్ స్వరం జారుకుంటూ, జారుకుంటూ, పడుకోబోయే ఆవులా మెల్లగా కూలబడింది. పాట అక్కడొకరు ఇక్కడొకరుగా తెగి ఆగిపోయింది. ఎల్వీరా వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. ఆవిడ మెడ వెనక ఎర్రబడడం వెర్లిన్‌కి తన చోటు నుంచే కనబడింది.

ఆయన మెట్లు రెండేసి చొప్పున దిగాడు. వంటగదిలో దీపం లేదు, ఆగ్నెస్ కదలడం లేదు. కాఫీ పాత్ర మీది ఎర్రబల్బు కూడా ఆరి ఉంది. పాత ఫ్యూజు మాడిన కంపు. అప్పుడు అర్థమైంది. ఇద్దరినీ ఒక్క కరెంటు తీగ మోయలేకపోయింది. ఫ్యూజుల డబ్బా తెరిచాడు. అందులో రబ్బరు బ్యాండ్లు, రెండు కొవ్వొత్తులు, ఎవరివో తాళంచెవులు ఉన్నాయి. ఫ్యూజు లేదు. వెర్లిన్ చీకట్లో ఆగ్నెస్ పక్కన చతికిలబడ్డాడు. కేకు మీది నీలం అక్షరాలే నిజమయ్యేటట్టున్నాయి.

అప్పుడు పైన ఆర్గన్ పలికింది.

సరిగ్గా కాదు. కుంటుతూ, ఒకసారి ఎగిరి ఒకసారి పడుతూ పలికింది. వెర్లిన్ మెట్లెక్కి వచ్చాడు. డ్వేన్ బ్రెకె ఆదివారపు ప్యాంటుతో ఆర్గన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎల్వీరా పాదాలు పక్కకి జరిపి, రెండు పలకల్నీ రెండు చేతులతో మార్చి మార్చి నొక్కుతున్నాడు. తల ఆర్గన్ కిందకి దూరిపోయింది. తక్కిన శరీరమంతా సభకి ఎదురుగా ఉంది.

"ఎగరెయ్యకు డ్వేన్," ఎల్వీరా వాయిస్తూనే చెబుతోంది. "ఒకే తీరుగా. పాలు ఎలా పితుకుతావో అలా."

"నేను పాలు పితికే మిషను పెట్టి పదిహేనేళ్ళయిందండీ," అంది ఆర్గన్ కిందనుంచి గొంతు.

"అయితే గుర్తు తెచ్చుకో. తొందరేం లేదు, ఆవు ఎక్కడికీ పోదు."

డ్వేన్‌కి గుర్తొచ్చింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నాలుగో చరణానికి స్వరం నిలబడింది. పాస్టర్ మేరిట్ పుస్తకంలో మొహం దాచుకుంది, భక్తితోనో నవ్వు ఆపుకోలేకో చెప్పడం కష్టం. అరవై మందీ, నవ్వుతున్నవాళ్ళూ కళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళూ కలిసి, పాట చివరిదాకా పాడారు. ఆఖరి పాటకి కూడా డ్వేన్ లేవలేదు.

ఆశీర్వాదం అయ్యాక అందరూ కిందకి దిగి, కొవ్వొత్తుల వెలుగులో గోరువెచ్చటి కాఫీ పాత్ర చుట్టూ నిలబడ్డారు. ఆర్డిస్ మొహం చూపించలేకపోతోంది.

"నా చేతులతో నేనే పాడుచేశాను వెర్లిన్. పీకొద్దన్నావే గాని పెట్టొద్దనలేదు."

"చెప్పకపోవడం నాదే తప్పు," అన్నాడు వెర్లిన్. "నువ్వు చెప్పకపోతే ఆగ్నెస్ ఇక్కడికి వచ్చేదే కాదు."

డ్వేన్ మోకాళ్ళు దులుపుకుంటూ వచ్చాడు. కమిటీ వాళ్ళందరూ అక్కడే ఉన్నారు గనక అక్కడే మాట్లాడేశాడు.

"కొత్త కరెంటు తీగ లాగాలంటే ఈ గోడ పగలగొట్టాలి. అది వేసవి దాకా అయ్యేది కాదు. ఒకటి, నేను ప్రతి ఆదివారం ఆర్గన్ కింద దూరాలి. ఆ పని చెయ్యను, మా ఆవిడ నా వెనక భాగం గురించి ఇప్పటికే నాలుగు మాటలంది. రెండోది కీబోర్డు. అది నేనే అన్నాను, నేనే వెనక్కి తీసుకుంటున్నాను. ఆవిడ వేళ్ళ కింద ఆ పెట్టె ఊపిరి పీలుస్తుంటే చేతుల్లో తెలిసింది నాకు." ఎర్రబడ్డ అరచేతులు రుద్దుకున్నాడు. "మూడోది, కాఫీ. ఆఖరి పాట అయ్యేదాకా ప్లగ్గు పెట్టకూడదు."

పాత్ర మరగడానికి అరగంట పడుతుంది. ఆశీర్వాదం తర్వాత అరగంట కాఫీ లేకుండా నిలబడడమన్న మాట ఆ గోడల మధ్య ఎవరూ ఎన్నడూ పలికింది కాదు. వెనక ఎవరో మెల్లగా, "అరగంటేనా?" అన్నారు. "అరగంటే," అన్నాడు డ్వేన్.

ముందు ఆర్డిస్ చెయ్యి లేచింది. తర్వాత పాస్టరుది. తర్వాత, ఒక్కొక్కటే, అన్నీ లేచాయి. ఎల్వీరా మెట్ల మీది నుంచి, చేతికర్ర పట్టుకుని చూస్తూ ఉంది. వెర్లిన్ కేకు మూత తీసి, 'సెలవు' అన్న చోట నీలం క్రీము చెంచాతో గీకి, ఆ చెంచా డ్వేన్ చేతికిచ్చాడు. డ్వేన్ దాన్ని నోట్లో పెట్టుకున్నాడు.

తరువాతి ఆదివారం ఆఖరి పాట అయ్యాక జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. కిందకి దిగితే కాఫీ లేదు. ఇళ్ళకి పోతే కాఫీ పోతుంది. అందుకని ఎక్కడివాళ్ళక్కడ కూర్చుండిపోయారు. వాళ్ళు కూర్చున్నారు గనక ఎల్వీరా ఇంకో పాట ఎత్తుకుంది. తర్వాత ఇంకోటి.

కింద వంటగదిలో వెర్లిన్ ఆగ్నెస్ వీపు మీద అరచెయ్యి పెట్టి, వేడెక్కుతోందేమోనని చూస్తున్నాడు. కొత్త ఫ్యూజులు ఒక డజను అలమరలో ఉన్నాయి. ఆర్డిస్ కాఫీ పాత్ర ప్లగ్గు చేత్తో పట్టుకుని వచ్చింది.

"పెట్టనా?"

"ఇంకా వాయిస్తున్నారు."

"ఇది మూడోది వెర్లిన్. ఇలాగైతే భోజనాల వేళవుతుంది."

"కానియ్," అన్నాడాయన.

ఆర్డిస్ ఇంకో కుర్చీ లాక్కుని, ప్లగ్గు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.